పాత ఫోర్ బై ఫోర్‌లో సొంతంగా కట్టుకున్న సామాను అర, ఆగని నీటి లీకు: ఒక కేసు

విజయవాడ ఆటోనగర్‌లో నాది బాడీ పని. టింకరింగ్, సీలింగ్, లోపలి ఫిట్టింగులు చూస్తాను. వానలు మొదలయ్యాయంటే లీకు బళ్ళు వరసపెట్టి వస్తాయి. వాటిలో చాలావాటికి కారణం గంటా రెండు గంటల్లో తేలిపోతుంది. ఈ బండి సంగతి అలా తేలలేదు. యజమాని తన చేత్తో వెనక భాగాన్ని సామాను అరగా మార్చుకున్నారు. ఆ అరే లీకును చాలాకాలం కళ్ళకి కనపడకుండా కప్పేసింది. ఇంటి దగ్గరే ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు కాబట్టి, ఎక్కడ ఏం ఆలోచించి ఏం చేశామో వివరంగా రాస్తున్నాను. యజమాని ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆయన పేరు, చెరువులున్న ఊరు, బండి కంపెనీ, మోడల్ వదిలేశాను. ఆ వయసు బండి దేనికైనా ఇదే జరగొచ్చు.

బండి, దాని వాడకం

యజమాని కాపురం గుంటూరులో. బాపట్ల జిల్లా తీరం వైపు వెనామీ రొయ్యల చెరువులు చేస్తారు. బండి డీజిల్ ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజిన్ జోరు అందేది. ఛాసిస్ (కింది ఇనుప చట్రం) మీద బాడీ విడిగా కూర్చునే పాత రకం. 15 ఏళ్ళు దాటి, ఆర్సీ మరో 5 ఏళ్ళకి రెన్యూవల్ చేయించుకున్న బండి. వెనక డోర్ పైకి లేవదు, పక్కకి తెరుచుకుంటుంది. స్టెపినీ బరువంతా ఆ డోర్ మీదే. రూఫ్ మీద కేరియర్ ఉంది. వెనక ఎదురెదురుగా మడిచే చిన్న సీట్లు రెండు ఉండేవి.

వానాకాలంలో చెరువు గట్ల మీద రెండు చక్రాల బండి కూడా నడవని రోజులుంటాయి. అందుకే ఆయనకి ఈ బండంటే అంత ఇష్టం. 25 కిలోల మేత బస్తాలు, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ మోటార్లు, నీటి శాంపిల్ సీసాలు, ఐస్ పెట్టెలు అన్నీ ఇందులోనే. ఆ చిన్న సీట్లు తీసేసి, ఫ్లోర్ మీద ఫోమ్ అంటించి, దానిమీద కార్పెట్ పరిచి, పైన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో ఎత్తు బల్ల కట్టారు. బల్ల కింద రెండు సొరుగులు. సొరుగులు నిండా బరువుతో ఉన్నా వేలితో లాగితే వచ్చేస్తాయి, కొలతలు అంత నిక్కచ్చిగా ఉన్నాయి. వడ్రంగం నేర్చుకోని మనిషి చేశాడంటే నమ్మబుద్ధి కాదు. ఈ కేసులో నేను తప్పుపట్టిన విషయాలు కొన్ని ఉన్నాయి గానీ, ఆ పనితనం మీద నాకు గౌరవం అలాగే ఉంది.

బల్లని మాత్రం సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలతో నేరుగా ఫ్లోర్ రేకులోకి బిగించారు. ఆ సంగతి తర్వాత వస్తుంది.

వచ్చిన సమస్య

వాన పడ్డాక వెనక ఎడమ మూల తడి. సొరుగు కింద చెయ్యి పెడితే నీళ్ళు. తలుపు తీస్తే ముక్క వాసన. ఎడమవైపు ప్లైవుడ్ అంచు ఉబ్బి పొరలు విడిపోయాయి. ఎడమ టెయిల్ ల్యాంపు అప్పుడప్పుడు మిణుకుమంటోంది. మొదట గమనించింది 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజుల్లో. అంత గాలివానకి ఏ బండైనా కాస్త తడుస్తుందిలే అని వదిలేశారట. తర్వాత మామూలు వానలకీ అదే వరస.

మాటల మధ్యలో ఇంకోటి చెప్పారు. హైవే మీద కిటికీ అద్దం కొంచెం దించితే లోపలికి డీజిల్ పొగ వాసన వస్తోందట. దాన్ని ఇంజిన్ సమస్య అనుకుని వేరే మెకానిక్‌కి చూపించారు. నేను మాత్రం అది రాసి పెట్టుకున్నాను. నడిచే బండి వెనక గాలి పలచబడుతుంది, సైలెన్సర్ పొగ అక్కడే సుడి తిరుగుతుంది. వెనక డోర్ బీడింగ్ (డోర్ చుట్టూ ఉండే రబ్బరు అంచు) ఎక్కడో సరిగ్గా నొక్కుకోకపోతే ఆ పొగ లోపలికి వస్తుంది. పొగ దూరే సందులోంచి నీళ్ళూ దూరగలవు.

అప్పటికే ఏమేం చేశారు

వెనక పక్క అద్దం రబ్బరు చుట్టూ సిలికాన్ పూశారు. వెనక డోర్‌కి కొత్త బీడింగ్ వేయించారు. ఒక షాపులో కింద మొత్తం అండర్ కోటింగ్, అంటే తుప్పు పట్టకుండా బండి అడుగున కొట్టే పూత, కొట్టించారు. "రెండు ట్యూబులు పూసేశానండీ, ఇంక ఎక్కణ్ణుంచి వస్తాయి?" అని అడిగారు. కోటింగ్ తర్వాత తడి పెరిగిందని కూడా ఆయనే చెప్పారు.

ఈ మూడూ ఎందుకు పనిచేయలేదో విడివిడిగా చూడాలి.

సిలికాన్ విషయం: హార్డ్‌వేర్ షాపులో బాత్‌రూమ్‌కీ కిటికీలకీ అమ్మే మామూలు సిలికాన్, ఆరేటప్పుడు వెనిగర్ వాసన కొడుతుంది. అది అసిటిక్ యాసిడ్. పెయింట్ లేచిన చోట ఆ యాసిడ్ రేకుని తినేస్తుంది. పైగా సిలికాన్ తగిలిన చోట తర్వాత పెయింట్ నిలవదు, గుంటలు గుంటలుగా విడిపోతుంది. పక్క అద్దం అసలు లీకే లేదని తర్వాత తేలింది. ఆ పూతవల్ల జరిగిందల్లా, రబ్బరు గాడిలో చేరిన నీళ్ళకి బయటికి పోయే దారి మూసుకుపోవడం. గాడి వెంట చిన్న తుప్పు మొదలైంది.

బీడింగ్ సరైనదే కొన్నారు, సరిగ్గానే వేశారు. అది పనిచేయకపోవడానికి వేరే కారణం ఉంది.

అండర్ కోటింగ్ కొట్టినవాళ్ళు వెనక డోర్ కింది అంచు మీద కూడా కొట్టేశారు. డోర్ లోపలికి నీళ్ళు రావడం మామూలే. అద్దం అంచు రబ్బరు దాటి కొన్ని నీళ్ళు ఎప్పుడూ లోపలికి దిగుతాయి, అడుగున ఉండే సన్నటి గాళ్ళలోంచి బయటికి పోతాయి. తయారీలోనే అలా పెడతారు. ఆ గాళ్ళు పూడిపోతే డోర్ లోపలే నీళ్ళు నిలుస్తాయి, మలుపు తిరిగినప్పుడు లోపలి ప్యానెల్ పైనుంచి బండిలోకి పొంగుతాయి. ఈ బండి డోర్‌ని అటూ ఇటూ ఊపితే లోపల గలగలమని నీళ్ళ చప్పుడు వచ్చింది. స్క్రూడ్రైవర్ మొనతో కోటింగ్ చెక్కి గాళ్ళు తెరిస్తే తుప్పురంగు నీళ్ళు ధారగా కారాయి. తడి పెరగడానికి కారణం తెలిసింది, మొదట ఎందుకు తడిసిందో ఇంకా తెలియలేదు.

ఇవి ఏ నీళ్ళు?

లీకు పనిలో నా మొదటి ప్రశ్న ఇదే. ఈ బండిలో నీళ్ళకి నాలుగు దారులున్నాయి: వాన, ఏసీ నుంచి కారే నీళ్ళు, చెరువు శాంపిల్ టబ్బుల నుంచి ఒలికిన ఉప్పునీళ్ళు, లేదా ఎప్పుడో వరదలో మునిగిన పాత తడి.

వరద అనుమానం మొదట తీసేశాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తర్వాత మునిగిన బళ్ళు ఎన్నో చూశాం కాబట్టి అది అలవాటైపోయింది. సీటు బెల్టుని రీల్ చివరిదాకా లాగి చూస్తే మునిగిన బండికి బురద గీత కనపడుతుంది. ఎంత కడిగినా బెల్టు ఆ చివరి మూరని ఎవరూ కడగరు. ఇందులో బెల్టులు శుభ్రంగా ఉన్నాయి.

ఏసీ కూడా తేలిక. ఎండ రోజున గంటకి పైగా ఏసీ ఫుల్లుగా పెట్టి ఉంచాం. లోపల ఎక్కడా తడి లేదు, నీళ్ళు కింద పైపులోంచి నేలమీదకే కారాయి.

మిగిలింది వానా, ఉప్పునీళ్ళా అన్నది. ఇక్కడ ఆయన వృత్తే సాయపడింది. రొయ్యల రైతు దగ్గర సెలినిటీ చూసే రిఫ్రాక్టోమీటర్ ఎప్పుడూ ఉంటుంది. గాజు పలక మీద ఒక చుక్క వేసి, మూత మూసి, వెలుతురు వైపు పెట్టి చూస్తే ఉప్పు ఎంతుందో గీత మీద కనపడుతుంది. మొదటి చుక్క కొద్దిపాటి ఉప్పు చూపించింది. అప్పుడు చెరువు నీళ్ళే అనేస్తే పని అక్కడితో దారి తప్పేది. ఫోమ్ కింద పాత ఉప్పు పేరుకుని ఉంటే, పైన పడ్డది వాన నీళ్ళయినా ఆ ఉప్పు కరిగి గీత పైకి లేస్తుంది. అందుకని ఆ మూలని మంచినీళ్ళతో కడిగి, తుడిచి, ఆరబెట్టి, తర్వాతి వాన కోసం ఆగాం. వాన వెలిశాక తీసిన చుక్క సున్నా గీత దగ్గరే ఆగింది. అంటే ఇప్పుడు దూరుతున్నవి వాన నీళ్ళే. ఉప్పు మాత్రం పాతది.

పాత ఉప్పుని తేలిగ్గా తీసుకోకూడదు. ఉప్పు గాలిలోని చెమ్మని లాగుతుంది కాబట్టి వాన లేని రోజుల్లో కూడా ఫోమ్ కింద రేకు పొడిగా ఉండదు. మన తీరం గాలికి అయితే చెప్పక్కర్లేదు.

అర మొత్తం ఊడదీయడం

బల్ల తీయాలంటే ఆయనకి మనసొప్పలేదు. అన్ని రోజులు కష్టపడి కట్టింది మరి. ఎడమ మూల మాత్రం కోసి చూడలేమా అని అడిగారు. నేను ఒప్పుకోలేదు. నీళ్ళు రేకు వాలుని బట్టి ఎక్కడికైనా పాకుతాయి. మూల ఒక్కటే తెరిస్తే నీళ్ళు చేరిన చోటు కనపడుతుంది, అవి వచ్చిన జాడ కనపడదు. పైగా ఆ ఫోమ్ నీళ్ళు పీల్చే రకం. నొక్కితే చెయ్యి తడిసింది. అది అక్కడ ఉన్నంతకాలం ఏ పరీక్ష చేసినా కొత్త తడేదో పాత తడేదో తెలియదు.

ఊడదీశాక ఫ్లోర్ చూసి ఆయన కాసేపు మాట్లాడలేదు. స్క్రూ దిగిన ప్రతి చోటా చుట్టూ ఎర్రటి తుప్పు వలయం. కింద చక్రాలు చిమ్మే నీళ్ళు ఆ సందుల్లోంచి పైకి వస్తున్నాయి. బండి కిందికి వెళ్ళి చూస్తే ఒక స్క్రూ మొన వైరింగ్ పైపుకి ఆనుకుని, ప్లాస్టిక్ తొడుగు మీద గాడి చేసేసింది. రాగి ఇంకా బయటపడలేదు. ఇంకొకటి డీజిల్ ట్యాంకు పై అంచుకి బాగా దగ్గరగా దిగింది. ఫ్లోర్‌కి బెజ్జం వేసేముందు కింద ఏముందో పడుకుని చూడమని నేను అందరికీ చెప్పేది ఇందుకే. బ్రేకు పైపులూ, డీజిల్ పైపులూ, వైర్లూ అన్నీ అక్కడే పరిగెడతాయి.

నీళ్ళ పరీక్ష, మొదటి విడత

ప్రెషర్ వాషర్ వాడలేదు. ఆ ఒత్తిడికి మంచి బీడింగ్ కూడా నీళ్ళు వదులుతుంది, లేని లీకు ఉన్నట్టు కనపడుతుంది. తోట పైపుతో, నాజిల్ లేకుండా, మెల్లగా పారే నీళ్ళు చాలు. మొదలుపెట్టేది కిందినుంచి. రూఫ్ మీద మొదట పోస్తే నీళ్ళు అన్ని అతుకుల మీదుగా దిగుతాయి, అన్నీ తడుస్తాయి, ఏదీ తెలియదు. కింది అంచు దగ్గర కొన్ని నిమిషాలు, లోపల ఏమీ రాకపోతే జానెడు పైకి, మళ్ళీ కొన్ని నిమిషాలు. లోపల ఒక మనిషి టార్చితో కూర్చోవాలి. ట్రిమ్ (లోపలి గోడలకి కప్పిన పలకలు) అంతా తీసేసి, రేకు అతుకుల వెంట ముఖానికి పూసుకునే పౌడర్ బ్రష్‌తో అద్దాం. నీటి చుక్క దాని మీద నడిస్తే గీత పడుతుంది.

టెయిల్ ల్యాంపు ఎత్తుకి వచ్చేసరికి లోపల గీత పడింది. ల్యాంపు వెనక స్పాంజి గ్యాస్కెట్ ఎండి బిరుసెక్కి, ఒక మూల పొడిలా రాలిపోయింది. ల్యాంపు మిణుకుకి కారణం కూడా అక్కడే, కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము. బ్యూటైల్ టేపుతో (జిగురుగా ఉండే మెత్తటి రబ్బరు పట్టీ) కొత్త అంచు కట్టి, పిన్నులు శుభ్రం చేసి బిగించాం. బ్యూటైల్ ఎందుకంటే అది గట్టిపడదు, రేపు బల్బు మార్చాలంటే ల్యాంపుని విరక్కొట్టకుండా తీయొచ్చు. తర్వాత ఇంకా పైకి, రూఫ్ దాకా పోశాం. గీత పడలేదు.

బల్ల లేకుండానే బండి గుంటూరు వెళ్ళింది. ఫ్లోర్ కనపడుతూ ఉండాలని నేనే కోరాను. తర్వాతి వానకి ఫోన్ వచ్చింది. తడి బాగా తగ్గింది, కానీ ఆగలేదు.

తగ్గి ఆగకపోవడం మంచి సమాచారం. మనం మూసిన దారి నిజమైనదేనని అది చెబుతుంది, ఇంకో దారి మిగిలి ఉందని కూడా చెబుతుంది. కానీ మా షెడ్డులో ఎన్ని నీళ్ళు పోసినా రాని లీకు ఆయన ఇంట్లో ఎందుకు వస్తోంది?

వాలు

బండి ఇంట్లో ఎక్కడ నిలుపుతారు, ఎలా నిలుపుతారు, ఒక ఫొటో పంపమన్నాను. ఫొటో చూడగానే విషయం సగం అర్థమైంది. రోడ్డు నుంచి పోర్టికోకి ర్యాంపు ఉంది. పోర్టికో పొట్టిది కావడంతో వెనక చక్రాలు ర్యాంపు మీదే ఉండిపోతాయి. ముక్కు పైకి, వెనక భాగం కిందికి. పైగా ర్యాంపు ఎడమవైపుకి కొంచెం ఒరిగి ఉంది. మా షెడ్డు నేల సమతలం.

ఫోన్‌లో లెవెల్ చూసే యాప్‌తో కొలిస్తే సుమారు 4 డిగ్రీలు వచ్చింది. ఆ బండి ముందు, వెనక చక్రాల మధ్య దూరానికి అంత వాలు రావాలంటే ముందు చక్రాలు దాదాపు 7 అంగుళాలు లేవాలి. మళ్ళీ వచ్చినప్పుడు ముందు చక్రాల్ని దిమ్మల మీదికి ఎక్కించి, వెనక చక్రాలకి రెండువైపులా అడ్డు పెట్టి, ఎడమవైపు కొంచెం కిందికి ఉండేలా కుడి చక్రాల కింద పలకలు పెట్టాం. రూఫ్ గట్టర్‌లో (రూఫ్ అంచు వెంట వాననీళ్ళు పోయే గాడి) పైపు వదిలాం. నీళ్ళు ముందుకి పోకుండా మొత్తం వెనక ఎడమ మూలకి పరుగెత్తి అక్కడ నిలిచాయి. కాసేపటికి లోపల వెనక పిల్లర్ (రూఫ్‌ని మోసే మూల స్తంభం) దగ్గర, వైరింగ్ కట్ట వెంట, ఒక చుక్క దిగింది. వెనకే ఇంకొకటి. అవి వైరు మీదే జారుతూ టెయిల్ ల్యాంపు వెనక్కి వచ్చి, అక్కణ్ణుంచి వీల్ ఆర్చ్ (చక్రం మీద ఉబ్బెత్తుగా ఉండే రేకు) పక్క గుంటలోకి పడ్డాయి. పైన దూరిన నీళ్ళు మూడడుగుల కింద తేలుతున్నాయన్నమాట. వైరు దారి చూపించకపోతే ఆ చుక్క ఇంకెక్కడో పడేది.

గట్టర్ మీది ప్లాస్టిక్ పట్టీ లేపితే అసలు చోటు దొరికింది. రూఫ్ రేకు, పక్క ప్యానెల్, వెనక ఫ్రేము మూడూ కలిసే అతుకు అది. మూడు రేకులు కలిసే చోట సీలర్ ఒక్కటే ఆధారం. ఆ సీలర్ మధ్యలో వెంట్రుకంత పగులు, పక్కన పెయింట్ కింద చిన్న బుడిపె. రూఫ్ ఎండకి ఎంత సాగుతుందో లెక్కేస్తే ఈ పగులు ఆశ్చర్యమేమీ కాదు. ఉక్కు మీటరు పొడవుకి ఒక్కో డిగ్రీకి 12 మైక్రాన్లు సాగుతుంది. రెండున్నర మీటర్ల రూఫ్, రాత్రి చల్లదనానికీ మధ్యాహ్నం ఎండలో కాలే రేకుకీ మధ్య 40 డిగ్రీల తేడా అనుకుంటే, రోజూ 1.2 మిల్లీమీటర్లు సాగి మళ్ళీ ముడుచుకుంటుంది. 15 ఏళ్ళ సీలర్‌లో ఆ సాగుడు తట్టుకునే మెత్తదనం మిగలదు.

డోర్

పొగ వాసన సంగతి ఇంకా ఉంది. పాత క్యాలెండర్ కాగితం చీలికలు చేసి, వెనక డోర్ బీడింగ్ చుట్టూ ఒక్కో చోట పెట్టి డోర్ మూసి లాగి చూశాం. కింద, పక్కన కాగితం బిగుతుగా పట్టుకుంది. కీళ్ళకి అవతలి వైపు పై మూలలో మాత్రం చేతికి తేలిగ్గా వచ్చేసింది. స్టెపినీ బరువుకి కీళ్ళ పిన్నులు, బుష్‌లు అరిగి, డోర్ ఆ వైపు కిందికి వాలింది. కొత్త బీడింగ్ వేసినా లాభం లేకపోయింది ఇందుకే. నొక్కాల్సిన డోర్ దూరంగా ఉంటే ఏ రబ్బరూ ఏం చేయలేదు.

స్టెపినీ తీసి, డోర్ కింద చెక్క పెట్టి జాకీతో మోసి, పిన్నులూ బుష్‌లూ మార్చి, లాక్ స్ట్రైకర్ (డోర్ లాక్ పట్టుకునే కొక్కెం) సర్దాం. బీడింగ్ ఆయన వేయించిందే ఉంచాం. కాగితం అన్ని చోట్లా ఒకేలా బిగిసేదాకా సర్దుతూనే ఉన్నాం. హైవే మీద పొగ వాసన ఆగిపోయిందని తర్వాత ఆయన చెప్పారు.

అతుకు మరమ్మతు

పగులు మీద పైపైన సీలెంట్ లాగేస్తే సరిపోదా అని అడిగారు. సరిపోదు. అడుగున తుప్పు ఉంది, అది పెయింట్‌ని లేపుతోంది. లేచిన పెయింట్ మీద అంటించిన సీలెంట్ ఆ పెయింట్‌తో పాటే ఊడుతుంది. ఈలోగా లోపల చిక్కిన చెమ్మ రేకుని తింటూనే ఉంటుంది.

పాత సీలర్ మొత్తం గీకి, వైర్ బ్రష్, ఎమరీ కాగితంతో రేకు మెరిసేదాకా తెచ్చాం. సన్నటి మొనతో గట్టిగా పొడిచి చూస్తే ఎక్కడా దిగలేదు, కాబట్టి వెల్డింగ్ అక్కర్లేదని తేల్చుకున్నాం. రూఫ్ అంచున వెల్డింగ్ వేడికి లైనింగ్, వైరింగ్, పక్క అద్దం రబ్బరు అన్నీ పాడయ్యే అవకాశం ఉంది, అవసరం లేకుండా ఆ పని పెట్టుకోకూడదు. గుంటల్లో మిగిలిన తుప్పు మీద మాత్రమే రస్ట్ కన్వర్టర్ (తుప్పుని ఇక పెరగని పొరగా మార్చే మందు) పూశాం. మెరిసే రేకు మీద అది పూయడం దండగ. పిల్లర్ లోపల ఫ్యాను పెట్టి పూర్తిగా ఆరనిచ్చి, తర్వాత రెండు భాగాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్, దాని మీద పాలియురెథేన్ సీలెంట్. పాలియురెథేన్ గాలిలో చెమ్మతోనే గట్టిపడుతుంది, రోజుకి సుమారు 3 మిల్లీమీటర్ల లోతు. అందుకే ఒకేసారి లావుగా వేయకుండా సన్నగా, వేలితో నునుపు చేసి వేశాం. అది సాగుతుంది, పెయింట్ పడుతుంది. పెయింట్ ఆరాక పిల్లర్ లోపలికి సన్న గొట్టంతో కావిటీ వ్యాక్స్, అంటే లోపలి రేకుకి తుప్పు పట్టకుండా కాపాడే మైనం, కొట్టాం.

అదే దిమ్మల మీద, అదే వాలులో మళ్ళీ పరీక్షించాం. సమతల నేల మీద పరీక్షించి పంపితే మొదటి విడత కథే మళ్ళీ వచ్చేది. పౌడర్ మీద గీత పడలేదు.

ఫ్లోర్ బెజ్జాలు సీఓటూ వెల్డింగ్‌తో (గ్యాస్ రక్షణలో తీగ కరిగించే వెల్డింగ్) పూడ్చాం. బ్యాటరీ టెర్మినళ్ళు విప్పి, డీజిల్ ట్యాంకు దించి, కింద వైరింగ్ పక్కకి లాగి, బెజ్జం వెనక రాగి పలక ఆనించి చుక్క పెట్టాలి. రాగికి ఉక్కు అతుక్కోదు కాబట్టి కరిగిన లోహం కిందికి జారకుండా బెజ్జంలోనే నిలుస్తుంది. ఈ ఒక్క పని ఇంట్లో చేయొద్దని ఆయనకి గట్టిగా చెప్పాను. అంతకుముందు ఫ్లోర్ అంతా మంచినీళ్ళతో పదే పదే కడిగాం. కడిగిన నీళ్ళు కూడా రిఫ్రాక్టోమీటర్ కింద పెట్టి సున్నా వచ్చేదాకా ఆపలేదు. ఉప్పు మీద ప్రైమర్ కొడితే ఆ ప్రైమర్ కిందే బొబ్బలు లేస్తాయి.

అర మళ్ళీ కట్టడం

ఈసారి గీతలు ఇద్దరం కూర్చుని గీశాం, కట్టింది మాత్రం ఆయనే, గుంటూరులో తన ఇంట్లో.

కొత్త బెజ్జం ఒక్కటీ వేయకూడదన్నది మొదటి షరతు. తీసేసిన చిన్న సీట్ల బోల్టుల మరలు ఫ్లోర్‌లో అలాగే ఉన్నాయి. సీట్లలో కూర్చునే మనుషుల బరువుకి చేసిన చోట్లు అవి, బల్లకి అంతకంటే గట్టి ఆధారం దొరకదు. ఫ్రేముకి అల్యూమినియం సెక్షన్ వాడదామని ఆయన అన్నారు, బరువు తగ్గుతుందని. ఉప్పు తడి ఉన్న చోట అల్యూమినియం ఉక్కుకి నేరుగా తగిలితే అల్యూమినియం తుప్పులా తినేసుకుపోతుంది. అందుకని ప్రతి కాలు కింద రబ్బరు, ప్రతి బోల్టుకి నైలాన్ వాషర్, బుష్ పెట్టి రెండు లోహాల్నీ విడదీశాం.

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 8 అడుగులకి 4 అడుగుల షీటు 30 కిలోలకి పైనే తూగుతుంది. ఫ్రేము కాళ్ళు దగ్గరగా ఉంటే 12 మిల్లీమీటర్లు సరిపోతుంది, బరువు మూడో వంతు తగ్గుతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకున్నారు. అయినా ప్లై నీళ్ళు తాగేది అంచుల దగ్గరే. కోసిన ప్రతి అంచుకీ, ప్రతి స్క్రూ బెజ్జానికీ లోపల ఎపాక్సీ పూయించాను. మొదటి బల్ల ఉబ్బింది కూడా అంచు నుంచే.

ఫోమ్, కార్పెట్ వద్దనుకున్నాం. ఫ్లోర్ మీద పెయింటు, దాని మీద విడిగా తీసే రబ్బరు మ్యాటు. బల్లలో వీల్ ఆర్చ్ పక్కన రెండువైపులా ఎత్తి చూసే మూతలు పెట్టాం. చెయ్యి పెడితే గుంట అడుగు తగలాలి. మొదటి కట్టుబడిలో ఈ మూత ఉండి ఉంటే 2023లోనే తడి కనపడేది, రేకు ఇంత తినేది కాదు.

బల్ల ముందు భాగంలో, వెనక సీటుకి ఆనుకుని, ఇనుప జాలీ నిలబెట్టాం. మేత బస్తాలు వెనక ఇరుసుకి ముందు, కిందగా ఉండేలా సర్దుకోమన్నాను. గట్టిగా గుద్దుకుంటే 25 కిలోల బస్తా తన బరువుకి ఎన్నో రెట్ల జోరుతో ముందు కూర్చున్నవాళ్ళ మీదికి వస్తుంది. బల్ల ఎంత బాగున్నా జాలీ లేకపోతే నేను బండి అప్పగించను.

ఒక మాట చట్టం గురించి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయం స్పష్టం చేసింది. ఆర్సీలో సీట్ల సంఖ్య రాసి ఉంటుంది. అందుకే బల్ల మొత్తం బోల్టులు విప్పితే ఊడి వచ్చేలా చేశాం. తీసిన సీట్లు, వాటి బోల్టులు, బెల్టులు అమ్మేయకుండా దాచమన్నాను. ఫిట్‌నెస్‌కి వెళ్ళేముందు సీట్లు మళ్ళీ పెట్టుకోవచ్చు. సీట్లు శాశ్వతంగా తీసేయాలంటే ముందు ఆర్టీవో కార్యాలయంలో అడగాల్సిందే.

నేర్చుకున్నవి

లీకు చూడటానికి బండి వచ్చినప్పుడు, అది ఇంట్లో నిలబడే తీరు ముందుగా అడుగుతున్నాను. ఫొటో, వాలు, ఎడమ కుడి ఒరుగుడు, దగ్గర్లో చెట్టుంటే గట్టర్‌లో పడే ఆకులు. తర్వాతే పైపు పట్టుకుంటున్నాను. షెడ్డులో రాని లీకుని యజమాని భ్రమ అని పంపేయడం మా వృత్తిలో తరచూ జరుగుతుంది. ఆ మనిషి చెప్పేది నిజం, మన పరీక్షలోనే ఏదో లోటు ఉందని మొదలుపెడితే సగం పని అయినట్టే.

ఒక బండికి ఒకే లీకు ఉంటుందని అనుకోకూడదు. ఇందులో రూఫ్ అతుకు, టెయిల్ ల్యాంపు, వెనక డోర్, స్క్రూ బెజ్జాలు అన్నీ ఒకే మూలలో నీళ్ళు చేర్చాయి. ఒక్కోటీ విడిగా మూసి, విడిగా పరీక్షించబట్టే ఏది ఎంత చేస్తోందో తెలిసింది. అన్నింటికీ ఒకేసారి సీలెంట్ పూసేసి ఉంటే ఇప్పటికి లీకు ఆగేదేమో, కానీ రూఫ్ కింద తుప్పు ఎదుగుతూనే ఉండేది.

సొంతంగా అర కట్టుకునేవాళ్ళకి నేను చెప్పేది వరస గురించి. ముందు ఖాళీ ఫ్లోర్‌తో ఒక పూర్తి వానాకాలం తిరగండి. పౌడర్ అద్దిన రేకు ఆ కాలమంతా పొడిగా ఉంటేనే కొలత టేపు బయటికి తీయండి. వారాంతంలో బల్ల కట్టేయాలన్న ఉత్సాహం నాకు అర్థమవుతుంది. కానీ పాత బండిలో తడి రేకు మీద కట్టిన ఏ అరా నిలవదు, కింద రేకునీ నిలవనివ్వదు.

ఈ బండికి ఇంకా మిగిలిన పని ఉంది. సిలికాన్ పూసిన పక్క అద్దం రబ్బరు బిరుసెక్కింది, దాన్ని మార్చి గాడిలో తుప్పు తీయాలి. రబ్బరు దొరకగానే చేద్దామనుకున్నాం. స్టెపినీ ఇంకా డోర్ మీదే ఉంది కాబట్టి కీళ్ళు మళ్ళీ అరుగుతాయి. దాన్ని కనిపెట్టడానికి కాగితం చీలికల పరీక్ష ఆయనే నేర్చుకున్నారు. జూన్‌కి ముందు ఒకసారి, అక్టోబరు తుఫానులకి ముందు ఒకసారి చేస్తున్నారు, డోర్ అడుగు గాళ్ళలో పుల్ల పెట్టి చూస్తున్నారు, మూతలెత్తి గుంటల్లో చెయ్యి పెడుతున్నారు.